ఇంటిపట్టున ఉండే తల్లిదండ్రులకు: సంగటి నీళ్ళు, పితికిన పప్పు, పట్టుగూళ్ళ పూలు

చిక్కబళ్ళాపురం జిల్లా పల్లెలలో పసిపిల్లలను చూసుకుంటూ ఇంటిపట్టున ఉండేవారు తల్లులే కానక్కరలేదు. భార్య బెంగళూరు దారిలోని గార్మెంటు ఫ్యాక్టరీకి పోతే ఇంట్లో నిలిచే తండ్రులున్నారు, మనుమలను పెంచుతున్న అవ్వలు తాతలు ఉన్నారు. వీరికి ఉపయోగపడే వంటల పుస్తకాలు, చేతిపనుల పుస్తకాలు బస్టాండు అంగళ్ళలో దొరకకపోవు. అయితే వాటిలో చెప్పిన సామాను మన ఊళ్ళలో ఉండదు. ఒవెన్, వెన్న కాగితం, థర్మోకోల్, రంగుల జిగురు అంటూ మొదటి పుటలోనే మనల్ని వెనక్కి పంపుతాయి. మన చేతికి అందేవి వేరు. ఇంటి గాదెలో రాగులు, చలికాలంలో అనపకాయలు, గట్టు మీది చింతచెట్టు, పట్టు పెంచే ఇంట్లో పనికిరావని మూలన పోసిన గూళ్ళు. ఈ నాలుగింటిని ఆధారం చేసుకొని, చిన్నపిల్లలున్న ఇల్లు ఏమేమి వండుకోవచ్చునో, ఏమేమి చేసుకోవచ్చునో ఈ వ్యాసంలో వివరిస్తాను. అయితే వంటకు ముందు నీళ్ళ సంగతి చెప్పక తప్పదు. మన తాలూకాలలో అసలు చిక్కు అక్కడే ఉన్నది.

వంట నీళ్ళు

పెన్న, చిత్రావతి మన నంది కొండల పరిసరాలలోనే పుట్టినా, ఏడాది పొడుగునా పారే నది మనకు ఒక్కటీ లేదు. చెరువులు ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. లోతు రాళ్ళ పొరలలో చాలాకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు చేరుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణం చెబుతున్నది. బాగేపల్లి, చింతామణి, గుడిబండ ప్రాంతాలలో ఆ హద్దు దాటిన బోర్లు ఉన్నాయి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు శాశ్వత దంతాలు చిగుళ్ళ లోపల తయారవుతూ ఉంటాయి. ఆ వయసులో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్ళ మీద సుద్దగీతలు, తరువాత గోధుమరంగు మరకలు వస్తాయి. ఒకసారి ఏర్పడిన మరకను ఏ పళ్ళపొడీ పోగొట్టలేదు. ఏళ్ళ తరబడి అవే నీళ్ళు తాగితే ఎముకలు, కీళ్ళు కూడా దెబ్బతింటాయి.

ఇది చాలామందికి తెలిసినదే. అందుకే గ్రామంలోని శుద్ధ నీటి ఘటకానికి వెళ్ళి, నాణెం వేసి, క్యాను నింపుకొని వస్తున్నారు. కాని ఆ నీళ్ళు తాగడానికి మాత్రమే వాడి, వంటకు బోరు నీళ్ళే పోస్తున్నారు. "కాగుతాయి కదా, ఏమీ కాదు" అనే మాట దాదాపు ప్రతి ఇంటా వినవచ్చు. కాగితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గిపోగా ఫ్లోరైడు గిన్నెలోనే మిగిలి, ఉన్న నీటిలో మరింత చిక్కనవుతుంది.

సంగటిని తీసుకొని లెక్క చూద్దాం. నలుగురికి అరకిలో పిండి, దానికి సుమారు ఒక లీటరు నీళ్ళు. ఆ నీటిలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉందనుకుందాం. సంగటిలో వార్చి పారబోసేది ఏమీ లేదు. పిండి నీళ్ళన్నిటినీ పీల్చుకుంటుంది, ఆ 3 మిల్లీగ్రాములూ ముద్దలలోకే చేరుతాయి. పప్పు, చారు, పిల్లల జావ కూడా ఇంతే. గంజి వార్చిన అన్నం ఒక్కటే కొంత నయం. కాబట్టి తాగే నీటినే వంటకూ వాడాలి. నలుగురున్న ఇంటికి తాగడానికి ఎనిమిది లీటర్లు, వంటకు నాలుగైదు లీటర్లు అనుకున్నా 20 లీటర్ల క్యాను ఒకటి రోజుకు సరిపోతుంది. కూరగాయలు కడగడానికి, గిన్నెలు తోమడానికి బోరు నీళ్ళు చాలు.

మరి రెండు జాగ్రత్తలు. ఘటకం నుండి వేరే గొట్టంలో బయటికి పోయే నీటిని వంటకు పట్టుకోకూడదు. వడగట్టగా మిగిలిన ఫ్లోరైడు అంతా అందులోనే ఉంటుంది. అలాగే ఘటకంలోని వడపోత పొరను వేళకు మార్చకపోతే శుద్ధ నీరన్న పేరే గాని పని జరగదు. నీటిని పరీక్ష చేయించి ఫలితాన్ని బోర్డు మీద రాయమని గ్రామ పంచాయితీని అడగడం మన హక్కు. వానాకాలంలో మొదటి ఒకటి రెండు వానలను వదిలి, మిద్దె మీద పడే నీటిని శుభ్రమైన తొట్టిలో పట్టుకుంటే అందులో ఫ్లోరైడు దాదాపు ఉండదు. దానిని కాచి వాడుకోవచ్చు. చిన్నపిల్లల పళ్ళు తోమడానికి పేస్టు బఠాణీ గింజంత చాలు, దానినీ మింగకుండా ఉమ్మించాలి.

సంగటి, మొలకరాగి పిండి

మనం సంగటి అన్నదానినే పక్కింటి కన్నడవారు ముద్దె అంటారు. అనంతపురం, మదనపల్లె వైపు నూకలు వేసి ఉడికించి ఆపైన పిండి పోస్తారు. మన వైపు ఎక్కువ ఇళ్ళలో ఒట్టి పిండితోనే చేస్తారు. 16వ శతాబ్దపు కనకదాసు తన 'రామధాన్య చరితె'లో వరికీ రాగికీ తగవు పెట్టి రాగినే గెలిపించాడు. భారత జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల సున్నం, అనగా కాల్షియం, ఉంటుంది. అదే బరువు పాలలో సుమారు 120 మాత్రమే. ఆహారంలో సున్నం బాగా ఉంటే పేగులు ఫ్లోరైడును పీల్చుకోవడం తగ్గుతుంది. ఆ మేరకు రాగి మన నీటికి తగిన ధాన్యం. అయితే బోరు నీళ్ళతోనే సంగటి కెలికితే ఒక చేత ఇచ్చి మరో చేత తీసుకున్నట్లే అవుతుంది.

రాగిలోని సున్నం, ఇనుము పిల్లల ఒంటికి బాగా పట్టాలంటే మొలకెత్తించడం మేలు. రాళ్ళు లేకుండా గాలించిన కిలో రాగులను రాత్రి నానబెట్టి, ఉదయం నీళ్ళు వంచి, తడి పలుచటి గుడ్డలో మూటకట్టి వేలాడదీయాలి. ఎండకాలం ఒక రోజులో, చలికాలం ఒకటిన్నర రోజులో తెల్లని మొలక వస్తుంది. మూట ఆరిపోకుండా మధ్యలో నీళ్ళు చిలకరించాలి. మొలక పొడుగు కాకముందే నీడలో ఆరబెట్టి, తరువాత ఎండలో బాగా ఎండనిచ్చి, సన్నని మంట మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించి, పిండి పట్టించి పలుచటి గుడ్డతో జల్లించాలి. తేమ మిగిలితే బూజు పడుతుంది. కొరికితే గింజ పుటుక్కున విరగాలి, అదే గుర్తు.

కన్నడంలో రాగి సరి అని పిలిచే పసిపిల్లల జావ దీనితోనే చేస్తారు. రెండు చెంచాల పిండిని ముందు చల్లని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, పొయ్యి మీద పెట్టి ఐదారు నిముషాలు ఆపకుండా కలుపుతూ ఉడికించాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప ఏదీ పెట్టకూడదు. ఏడాది నిండేవరకు జావలో ఉప్పుగాని బెల్లంగాని అవసరం లేదు, అర చెంచా నెయ్యి చాలు. కర్ణాటక ప్రభుత్వ పాఠశాలలలో 2024లో పాలతో రాగి మాల్టు ఇవ్వడం మొదలుపెట్టారు. బడికి వెళ్ళే పిల్లలకు ఆ రుచి పరిచయమే కనుక ఇంట్లో మారాం చేయరు.

అనపకాయల కాలం

మార్గశిరం నుండి మాఘం వరకు సంతలలో అనపకాయలదే రాజ్యం. మంచు తగిలిన కాయకు ఒక ప్రత్యేకమైన వాసన వస్తుంది. కన్నడవారు దానిని సొగడు అంటారు. తెలుగులో అంత సరిగ్గా అతికే మాట నాకు తోచదు. వాసన చూసి కొనాలి, కాయ నిగనిగలాడితే చాలదు. కాయల్లో పురుగు సాధారణం గనుక ఒలిచే ముందు కాసేపు ఉప్పునీళ్ళలో వేయడం మంచిది.

పితికిన పప్పు ఒక్కరు చేస్తే విసుగు పుట్టించే పని, ఇంటిల్లిపాదీ కూర్చుంటే ఆట. ఒలిచిన గింజలను ఆరేడు గంటలు నానబెట్టి, రెండు వేళ్ళ మధ్య ఒత్తితే పప్పు పుటుక్కున జారి తొక్క చేతిలో మిగులుతుంది. నాలుగేళ్ళ పిల్లవాడు కూడా చేయగలడు. బలపం పట్టవలసిన వేళ్ళకు అదే మంచి సాధకం. పిల్లలు పచ్చి గింజలను నమలకుండా మాత్రం చూడాలి. తొక్కలు పశువులకు పోతాయి.

రెండు భాషలు వచ్చిన మన పిల్లలకు ఇక్కడ ఒక పాఠం కూడా ఉన్నది. మనం పితుకు అంటాం, కన్నడంలో హితుకు అంటారు. మన మాట మొదటనున్న 'ప' కన్నడంలో చాలా చోట్ల 'హ' అయింది. పాలు హాలు, పువ్వు హూవు, పులి హులి, పన్ను హల్లు, పాము హావు, పంది హంది, పండు హణ్ణు. పప్పు పితుకుతూ పెద్దలు ఒక మాట చెబితే పిల్లలు రెండవ భాషలో అందుకోవాలి. గిన్నె నిండేసరికి ఇరవై మాటలు దొరుకుతాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అని బెదిరే మొదటి తరగతి పిల్లలకు ఈ రెండూ అక్కచెల్లెళ్ళని చెప్పడానికి ఇంతకంటె సులువైన దారి లేదు.

కూరకు నలుగురికి రెండు గ్లాసుల పప్పు కావాలి. నాలుగు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, రెండు లవంగాలు, చిన్న చెక్క ముక్క దోరగా వేయించి, పిడికెడు కొబ్బరి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, అల్లం ముక్క, ఒక చెంచా పుట్నాల పప్పు చేర్చి మెత్తగా నూరుకోవాలి. పప్పును విడిగా మూడు గ్లాసుల నీళ్ళలో పసుపుతో పదిహేను నిముషాలు ఉడికించాలి. గింజ మెత్తబడాలి గాని చిదరకూడదు. కారం కలపకముందే చిన్నపిల్లలకు ఒక గరిటెడు తీసి మెదిపి పక్కన పెట్టుకుంటే వారికి వేరే వంట అక్కరలేదు. ఆ తరువాత ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయల తిరగమోతలో నూరిన ముద్దను పచ్చివాసన పోయేదాకా వేయించి, రెండు టమాటాలు మగ్గించి, ఉడికిన పప్పును నీళ్ళతో సహా పోసి, ఉప్పు వేసి ఐదు నిముషాలు కాగనివ్వాలి. సంగటికి దీనికి మించిన జోడు లేదు.

బెరకాకు, చింతపండు

చేను గట్ల మీద దొరికే తోటకూర, చెంచలాకు, మునగాకు వంటివి నాలుగైదు రకాలు కలిపి కోసుకొని వస్తే అదే బెరకాకు. కందిపప్పుతో ఉడికించి, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ, కాస్త చింతపండు వేసి కవ్వంతో మెదిపితే మస్సొప్పు అవుతుంది. ఇరవై నిముషాల పని. మందు కొట్టిన తోట పక్క నుండి మాత్రం ఆకు కోయకూడదు.

చింతపండు గురించి మన ప్రాంతపు వారు తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి పరిశీలించి, వారి మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోవడం గమనించారు. ఆ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. దీనిని మందు అనుకోరాదు. చెడ్డ నీళ్ళు తాగుతూ చారు పోసుకుంటే చాలునని అర్థం కాదు. చారు మానవలసిన పని లేదని మాత్రమే అర్థం. పులుపు వండేటప్పుడు అల్యూమినియం గిన్నె వద్దు, మట్టిదో స్టీలుదో వాడాలి.

చింతామణి మార్కెట్టులో టమాటా ధర పడిపోయిన రోజులలో బుట్టలకు బుట్టలు రోడ్డు పక్కన పారబోయడం చూస్తూనే ఉన్నాం. గట్టి కాయలను చక్రాలుగా తరిగి, ఉప్పు చల్లి, పలుచటి గుడ్డ కప్పి మూడు నాలుగు రోజులు గట్టి ఎండలో పెడితే వరుగులవుతాయి. ధర పెరిగినప్పుడు పప్పులోకి గుప్పెడు చాలు. చెనిక్కాయల ఉండలు అందరికీ తెలిసినవే గనుక విధానం చెప్పను. బూజు పట్టిన, ముడుచుకున్న, చేదెక్కిన గింజలను ఏరి పారేయాలి, అవి కాలేయానికి విషం.

పట్టుగూళ్ళ పూలు

ఇక చేతిపనులు. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు మన జిల్లాలోనే ఉన్నది. పురుగు రెక్కలు వచ్చి గూటిని తొలుచుకొని బయటపడితే దారం తెగిపోతుంది గనుక ఆ గూడు రీలర్లకు పనికిరాదు. చేతిపనికి కావలసింది అదే. లోపల పురుగు చచ్చి మరకలు పడిన గూళ్ళు వాసన వేస్తాయి, వాటిని తీసుకోవద్దు. పట్టు సభలలో అతిథుల మెడలో వేసే గూళ్ళ హారాలు ఇలాంటి గూళ్ళతో కట్టినవే.

మొదట పెద్దవారు పదునైన చిన్న కత్తెరతో తొలిచిన కొనను, అనగా గోధుమరంగు మరక ఉన్న వైపును కత్తిరించి, లోపలి పొట్టును దులిపివేయాలి. అది పిల్లలకు ఇవ్వవలసిన పని కాదు, గూడు చూడడానికి దూదిలా ఉన్నా కత్తెర జారేంత గట్టిది. తరువాత అంచు నుండి అడుగు వైపు ఐదు చీలికలు చేసి, ఒక్కొక్క రేకు కొనను గుండ్రంగా దిద్ది వేలితో వెనక్కి వంచితే పూవు విచ్చుకుంటుంది. అడుగున సూదితో పొడిచి సన్నని తీగ దూర్చి, పైన రాగిగింజలు అంటించిన దూది ఉండను కేసరంగా నిలపాలి. సంకరజాతి గూళ్ళు సహజంగానే లేత పసుపు పచ్చగా ఉంటాయి, వాటికి రంగు అవసరం లేదు. తెల్లని బైవోల్టిన్ గూళ్ళకు రంగు బాగా పడుతుంది.

రంగుకు వంటిల్లు చాలు. గ్లాసు నీళ్ళలో అర చెంచా పసుపు, కొన్ని చుక్కల నిమ్మరసం వేసి వేడిచేసి, ముందే తడిపిన గూళ్ళను పది నిముషాలు ఉంచాలి. పట్టుకు కాస్త పులుపు తగిలితే రంగు బాగా పట్టుతుంది. తేయాకు డికాక్షన్ తేనెరంగు ఇస్తుంది. నీళ్ళు తెర్లకూడదు. తెర్లితే గూటిని గట్టిగా పట్టి ఉంచిన జిగురు కరిగి, పూవు వాలిపోతుంది. బోర్లించి నీడలో ఆరబెట్టాలి. పసుపు రంగు ఎండకు వెలుస్తుంది, అందుచేత కిటికీలో పెట్టే పూలకు డికాక్షనే నయం.

పట్టు పెంచే ఇళ్ళవారు ఒక్క నియమం తప్పక పాటించాలి. తొలిచిన గూళ్ళను పెంపకపు గదిలోకి తేకూడదు, అక్కడ కత్తిరించకూడదు. రోగం తగిలిన గూటి పొట్టు నుండి కొత్త పురుగులకు రోగం సోకవచ్చు. నిలవ గూళ్ళను తొలిచే పెంకుపురుగులు కూడా వాటి వెంట వస్తాయి. ఒక బ్యాచి పోతే ఎంత నష్టమో ఆ ఇంటివారికి నేను చెప్పనక్కరలేదు. గూళ్ళను బిగుతు మూత గల డబ్బాలో ఉంచి అప్పుడప్పుడు ఎండబెట్టాలి. చేతులు, బట్టలు మార్చుకున్న తరువాతే పురుగుల దగ్గరికి వెళ్ళాలి. పాత చంద్రికెను గోడకు తగిలించి దాని వలయాలలో ఈ పూలు గుచ్చితే అందంగా ఉంటుంది. అయితే చంద్రికెలకు ఫార్మలిన్ వంటి మందులు కొడతారు కనుక, బాగా కడిగి కొన్ని రోజులు ఎండలో ఉంచినదే పిల్లలున్న గదిలోకి తేవాలి.

మిగిలిన పట్టుదారంతో పాత ప్లాస్టిక్ గాజులకు చుట్టుకోవచ్చు. మన కైవారం తాతయ్య గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగినవారే గదా. తాలూకాలో గాజులతో ముడిపడిన ఏ పనికైనా ఆయన పేరు తలవడం మన అలవాటు.

చింతపిక్కలు

చింతపండు పిసికిన తరువాత మిగిలే పిక్కలను పారేయకుండా కడిగి ఆరబెట్టండి. నాలుగు పెద్ద పిక్కలను ఏరి, ఒక్కొక్క దానిని గరుకు బండ మీద ఒక వైపు మాత్రమే తెల్లని పప్పు కనబడేవరకు అరగదీస్తే పాచికలు సిద్ధం. అరగదీయడం ఓపిక గల పని, సాయంకాలం పిల్లల చేతికిస్తే అల్లరి తగ్గుతుంది. కన్నడవారు చౌకాబారా అనే ఆటకు నేల మీద సుద్దముక్కతో అయిదు వరుసలలో అయిదేసి గళ్ళు గీస్తే చాలు. పాత చీర ముక్క మీద రంగు దారంతో కుట్టుకుంటే బల్ల శాశ్వతంగా నిలుస్తుంది. పిక్కలు వేసినప్పుడు ఎన్ని తెలుపు పైకి పడితే అన్ని గళ్ళు నడవాలి. నాలుగూ తెలుపు పడితే నాలుగు, నాలుగూ నలుపు పడితే ఎనిమిది. నాలుగుకూ ఎనిమిదికీ ఇంకొక ఆట వస్తుంది. మూడేళ్ళలోపు బిడ్డ ఇంట్లో ఉంటే మాత్రం ఆట ముగియగానే పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేసి పై గూటిలో పెట్టాలి. గొంతులో అడ్డుపడడానికి అవి సరిగ్గా సరిపోయేంత పరిమాణంలో ఉంటాయి.